ఇనుపగనుల వూరి పాటగాడు

అమెరికా వెళ్ళిన మనవాళ్ళు నయాగరా జలపాతం చూసి వస్తారు. నేను మాత్రం ఒక పెద్ద గొయ్యి చూసి వచ్చాను.

"ఇంత దూరం వచ్చి గొయ్యి చూస్తానంటారేమిటి, బావగారూ! మన వూరి రోడ్ల మీద లేవా గోతులు?" అని మినియాపొలిస్‌లో వుంటున్న మా బావమరిది నవ్వాడు. నవ్వితే నవ్వాడు గాని, ఆదివారం పొద్దున్నే కారు తీశాడు. మా ఆవిడ పులిహోర పొట్లాలు కట్టింది. ఉత్తర దిక్కుగా మూడుగంటల పైచిలుకు ప్రయాణం. త్రోవ పొడుగునా అడవులూ, వాటి మధ్య అద్దాలు పరచినట్లు సరస్సులూ.

ఆ వూరి పేరు హిబ్బింగ్. మా కాలేజీ కుర్రాళ్ళు గిటారు పట్టుకుని తలచుకునే బాబ్ డిలన్ పెరిగిన వూరది. 1941 మే 24న దులూత్ రేవు పట్నంలో పుట్టిన రాబర్ట్ జిమర్‌మన్ చిన్నతనంలోనే తల్లిదండ్రులతో ఇక్కడికి చేరాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ వూరితో ఏం పని అంటారా? నా యాత్ర వెనక ఒక చిన్న అపరాధం వున్నది.

2016 తొలి నెలల్లో మా కాలేజీ కవితల పోటీకి నేనే న్యాయనిర్ణేతను. ఒక కుర్రవాడు పల్లవీ చరణాలతో పాట రాసి యిచ్చాడు. "ఇది పాట, కవిత కాదు" అని ఎర్రసిరాతో రాసి తిప్పి యిచ్చాను. అతను ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ అక్టోబరు 13న స్వీడిష్ అకాడమీవారు సాహిత్యంలో నోబెల్ బహుమతి డిలన్‌కు ప్రకటించారు. అమెరికా గేయ సంప్రదాయంలో కొత్త కవితాభివ్యక్తి సృష్టించాడట! పాటలకు సాహిత్య బహుమతేమిటని మర్నాడు క్లాసులోనే ఎగిరిపడ్డాను. వెనక బెంచీ నుంచి ఆ కుర్రవాడు లేచి, "అన్నమయ్య రాసినవి పాటలా, కవితలా, మాస్టారూ?" అని వినయంగా అడిగాడు. అంతకు ముందు వారమే పదకవితా పితామహుణ్ణి గురించి గంటసేపు చెప్పి వున్నాను. గంట కొట్టి నన్ను రక్షించారు గాని, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

హిబ్బింగ్‌లో ముందుగా ఆ గొయ్యి చూశాం. ఇనుపరాయి తవ్వగా తవ్వగా ఏర్పడింది. పొడవు మూడు మైళ్ళ పైమాట, లోతు అయిదువందల అడుగులకు మించి. అడుగున తిరిగే లారీలు చీమల్లా కనిపించాయి. వూరి క్రిందే ఇనుము వున్నదని తెలిసి, 1919 మొదలుకొని ఇళ్ళను దుంగల మీద దొర్లించి వూరినే దక్షిణానికి జరిపారట! వూరు కదిలినందుకు ప్రతిఫలమా అన్నట్లు, గనుల సొమ్ముతో సుమారు నలభై లక్షల డాలర్లు పోసి 1920ల తొలి ఏళ్ళలో రాజభవనం లాంటి హైస్కూలు కట్టారు.

ఆ బడి చూసి నేను నిలబడిపోయాను. పద్ధెనిమిది వందల మంది పట్టే ప్రేక్షకశాల. పైన స్ఫటికపు దీపగుచ్ఛాలు! ఆ వేదిక మీదనే కుర్ర జిమర్‌మన్ చెవులు చిల్లులు పడేట్లు పియానో వాయిస్తూంటే ప్రధానోపాధ్యాయుడు తెర దింపించాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ఆ కథ విని మా బావమరిది నా వంక అదోలా చూశాడు. నేను దీపాల వంక చూశాను.

1959లో ఆ బడి నుంచి బయటపడి, కాలేజీ చదువు ఏడాదితో ఆపేసిన ఆ కుర్రవాడికి 1970లో ప్రిన్స్‌టన్, 2004లో సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లిచ్చాయి. సినిమా పాటకు 2001లో ఆస్కార్, 2008లో పులిట్జర్‌వారి ప్రత్యేక ప్రశంస, 2012లో అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్. గ్రామీలు సరేసరి. తెర దింపినవారు ఒక్కరు, పైకెత్తినవారు ఎందరో!

మరి ఆయన ఆ సన్మానాలకు పొంగిపోయాడా అంటే అదీ లేదు. నోబెల్ ప్రకటించాక దాదాపు రెండు వారాలు ఉలకలేదు, పలకలేదు. డిసెంబరు 10 సభకు వెళ్ళలేదు. బదులుగా ఆయన పాట పాడిన పాటీ స్మిత్ మధ్యలో తడబడి, క్షమించమని మళ్ళీ అందుకున్నది. 2017 ఏప్రిల్ 1న కచేరీకి స్టాక్‌హోం వెళ్ళినప్పుడు చడీచప్పుడూ లేకుండా పతకం పుచ్చుకున్నాడు. తంజావూరు ప్రభువు కానుకలు వద్దన్నాడని మనం చెప్పుకునే త్యాగయ్యతో ఆయన్ను పోల్చబోను. డిలన్ వద్దనలేదు. పుచ్చుకున్నాడు, తన తీరున.

ఆ జూన్‌లో ఇచ్చిన నోబెల్ ఉపన్యాసంలో బడిలో చదివిన పుస్తకాలను తలుచుకున్నాడు. చివరికి ఏమన్నాడో తెలుసా? పాటలు సాహిత్యం లాంటివి కావు, అవి చదవడానికి కాదు, పాడటానికి అన్నాడు! అంటే నా ఎర్రసిరా మాటే ఆయనా అన్నట్లు గదా? మొదట్లో నాకు సంబరమే అయింది. కాని ఆ ఖాళీ ప్రేక్షకశాలలో వెనక వరుసన కూర్చున్నప్పుడు అసలు సంగతి తట్టింది. పాట కవితా, కాదా అని తర్కించాను గాని, ఆ కుర్రవాణ్ణి ఒక్కసారి పాడి వినిపించమని నేను అడగనే లేదు. అన్నమయ్య సంకీర్తనలయినా రాగిరేకుల మీద వందల ఏళ్ళు మూగగానే వుండిపోయాయి. 1922లో వెలికివచ్చి, ఎవరో గొంతెత్తాకనే గదా మనకు అన్నమయ్య దొరికాడు!

తిరిగి వచ్చేటప్పుడు ఆ వూరి బొమ్మ వున్న కార్డు ఒకటి కొన్నాను. పాత విద్యార్థుల ద్వారా అతని చిరునామా తెప్పించుకున్నాను. "నాయనా, ఆనాటి పాట దాచి వుంచావా? వుంటే ఒకసారి పాడి వినిపించు" అని రాసి పోస్టులో వేశాను.

జవాబు ఇంకా రాలేదు. రెండు వారాలే గదా అయింది! నోబెల్ వారంతటివారికే అంత కాలం పట్టింది, నా కార్డెంత?