కరెంటు బిల్లు మటుకు అవ్వే కడుతుంది

మా బాపు సింగరేణిలో చేసినన్నాళ్లు ఏ బిల్లుకూ లైన్లో నిలబడలేదు. శ్రీరాంపూర్ ఏరియా బాయిల్లో పనిచేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. పీఎఫ్, ఎల్ఐసీ, యూనియన్ చందా అన్నీ జీతం చిట్టీలోనే కటింగ్ అయ్యేవి. కటింగులన్నీ పోయినంక చేతికొచ్చిందే జీతం. క్వార్టర్ కంపెనీదే కాబట్టి ఇంటిపన్ను అనే మాట కూడా మా ఇంట్లో వినపడేది కాదు. రిటైరై, క్వార్టర్ అప్పజెప్పి, నస్పూర్‌లో సొంతిల్లు కట్టుకున్నాకే ఆయనకు బిల్లులు పరిచయమయ్యాయి. అప్పటికి నేను షార్జాలో ఉన్నాను. కట్టాల్సింది నేనే.

ఇంటి బిల్లులన్నీ నా షార్జా ఖాతాలోంచే నెలనెలా కటింగ్ అయిపోతే బాగుండునని అనుకున్నాను. గల్ఫ్‌లో ఉన్న ప్రతివాడికీ ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. కానీ అలాంటి దారి లేదు. యూఏఈ కేంద్ర బ్యాంకు నడిపే డైరెక్ట్ డెబిట్ ఏర్పాటు అక్కడి బ్యాంకులకు, దిర్హమ్‌లకే. వరంగల్ కేంద్రంగా నడిచే మన ఉత్తర మండల కరెంటు కంపెనీ ఆ ఖాతాలో చెయ్యి పెట్టలేదు. యూరో వాడే దేశాల మధ్య మాత్రం 2009 నుంచి ఈ వెసులుబాటు ఉంది. జర్మనీ ఖాతా నుంచి స్పెయిన్‌లోని ఇంటి కరెంటు బిల్లు కట్టుకోవచ్చు, ఎందుకంటే రెండుచోట్లా ఒకే కరెన్సీ. మనకు మధ్యలో మారకం అడ్డం ఉంది. పైగా గల్ఫ్‌లో చాలామంది కూలీల చేతిలో ఉండేది జీతం కార్డే, అసలు ఖాతాయే ఉండదు.

కాబట్టి కటింగ్ జరగాల్సింది ఇండియాలోని రూపాయల ఖాతాలోంచే. ఏ ఖాతా అన్నదే అసలు ప్రశ్న. దేశం దాటినవాడు ఊళ్లో వాడుకున్న పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలని విదేశీ మారకం చట్టం చెబుతుంది. మనవాళ్లలో ఎక్కువమంది మార్పించరు. అక్కడి జీతం పంపుకోవడానికి ఎన్ఆర్ఈ వేరే తెరవాలి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, డబ్బును ఎప్పుడైనా తిరిగి బయటికి తీసుకెళ్లొచ్చు. ఎన్ఆర్ఓ వడ్డీకి 30 శాతం, ఆపైన సెస్సూ పట్టుకుంటారు. కింది పోర్షన్ కిరాయిలాంటివి మామూలుగా ఎన్ఆర్ఓలోనే వేస్తారు. నేను రెండూ ఉంచుకున్నాను. కిరాయి ఒకదాంట్లో, జీతం ఇంకోదాంట్లో.

నెలకు ఒక్కసారే, జీతం పడ్డ వారంలో, ఎక్స్ఛేంజ్ నుంచి ఎన్ఆర్ఈకి పంపుతాను. లెక్క చూడండి. ఒకసారి పంపితే సుమారు 20 దిర్హమ్‌లు ఛార్జీ. దిర్హమ్ 23 రూపాయలనుకుంటే 460. కేబుల్ బిల్లు 350 అయితే, దానికోసం విడిగా పంపడమంటే గుర్రానికంటే జీనుకు ఎక్కువ పెట్టడమే. రేటు పెరుగుతుందేమోనని ఆగేవాళ్లున్నారు. దిర్హమ్‌ను డాలర్‌కు 3.6725 దగ్గర ఎప్పటినుంచో కట్టేసి ఉంచారు, కదిలేది మన రూపాయే. అది పడిపోయిన నెలలో నాకు నాలుగు పైసలు మిగలొచ్చు. కానీ ఈఎంఐ తేదీ రూపాయి కోసం ఆగదు.

ఎన్ఆర్ఈ ఖాతా మీద మాండేట్, అంటే దానంతటదే కటింగ్ కావడానికి అనుమతి, ఇచ్చింది రెండింటికే. ఇంటి లోను ఈఎంఐ, ఎల్ఐసీ ప్రీమియం. రెండింటిలోనూ మొత్తం మారదు, ఆలస్యమైతే శిక్ష ఉంటుంది. ఖాతాలో డబ్బు లేక మాండేట్ తిరిగొస్తే మన బ్యాంకు ఒక ఛార్జీ, లోను ఇచ్చినవాళ్లు ఇంకో ఛార్జీ వేస్తారు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. 2007 నాటి పేమెంట్, సెటిల్‌మెంట్ వ్యవస్థల చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఇలా మాండేట్ తిరిగిరావడం చెక్ బౌన్సుతో సమానమైన నేరం, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అందుకే మూడు నెలల ఈఎంఐ ఆ ఖాతాలో ఎప్పుడూ ఉంచుతాను. గల్ఫ్‌లో జీతం ఆలస్యం కావడం వింతేమీ కాదు.

కరెంటు బిల్లు మీద మాత్రం ఆటోపే పెట్టలేదు. మా తమ్ముడు "ఫోన్‌ల ఒక్క నొక్కు నొక్కితే అయిపోతది గదనే అన్నా" అని ఇప్పటికీ నవ్వుతాడు. నా కారణాలు నాకున్నాయి. ఇంటికి రెండు మీటర్లు, రెండూ బాపు పేరనే. కింద కిరాయికి ఉన్నవాళ్లకు రేషన్ కార్డు ఉంది కాబట్టి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద వాళ్లకు సున్నా బిల్లు. కానీ 200 యూనిట్లు దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. మే నెలలో మా దిక్కు ఎండలకు కూలర్ రాత్రంతా తిరుగుతుంది. ఆ మీటరు మీద ఆటోపే ఉంటే వాళ్ల బిల్లు నా ఖాతాలోంచి చప్పుడు లేకుండా పోతుంది. మూడు నెలల తర్వాత చూసుకుని అడిగితే కిరాయిదారుకూ మనకూ మాటా మాటా వస్తుంది. అదే అవ్వ (మా అమ్మ) చేతికి చిట్టీ వస్తే, ఆ పొద్దే కింద తలుపు కొట్టి చెప్పేస్తుంది. పై మీటరు సంగతీ అంతే. "గీ నెల ఎక్కువొచ్చింది బిడ్డా, బోరు మోటర్ ఆగుడు లేదు" అని ఆమె ఫోన్ చేస్తేనే మోటర్ చెడిందని నాకు తెలిసింది. ఆటోపే ఆ మాట చెప్పదు. ఖర్చుకని నెలనెలా అవ్వ ఖాతాలో వేసే డబ్బులోంచే ఆమె కడుతుంది. ఇంటిపన్నూ అంతే. నస్పూర్ ఇప్పుడు మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. ఏప్రిల్‌లో ముందుగా కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు, ఆ నెల గుర్తుంచుకునేది కూడా అవ్వే.

బయటి దేశం నుంచి నేరుగా బిల్లు కట్టే దారి ఒకటి ఈమధ్య తెరుచుకుంది. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థలోకి ప్రవాసుల చెల్లింపులను అనుమతిస్తామని ప్రకటించింది. మరుసటి ఏడు కెనరా బ్యాంకు ఒమన్‌లోని ముసందం ఎక్స్ఛేంజ్‌తో కలిసి మొదలుపెట్టింది. ఎన్ఆర్ఈ లేనివాళ్లకు, పిల్లల కాలేజీ ఫీజు లాంటి పెద్ద మొత్తాలకు ఇది మంచి సాధనమే. ఇది కూడా మనం కూర్చుని కట్టేదే, దానంతటదే కటింగ్ అయ్యేది కాదు.

ఎన్ఆర్ఈ ఖాతాకు అక్కడి ఫోన్ నంబరుతోనే యూపీఐ పెట్టుకునే వీలు 2023 జనవరిలో పది దేశాలకు ఇచ్చారు. సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ వాటిలో ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ ఆ మొదటి జాబితాలో లేవు. అక్కడివాళ్లు యూపీఐ కోసం ఇండియా సిమ్‌ను బతికించుకోవాలి. 90 రోజులు వాడకపోతే నంబరు పోవచ్చు, చిన్న రీఛార్జి వేస్తూ ఉండండి.

శాశ్వతంగా ఇంటికి వచ్చేస్తున్నవాళ్లకు ఒక మాట. వచ్చిన సంగతి బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్ఈని మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. అప్పుడు ఖాతా నంబరు మారే అవకాశం ఉంది, మారితే పాత మాండేట్లు పనిచేయవు. కొత్త నంబరు మీద మాండేట్ ఎక్కిందని లోను ఇచ్చిన బ్యాంకు నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా పాత ఖాతాను మూయనివ్వకండి.