ఏ ఎముక విరిగింది?

కుక్క కాలు విరిగిందని తెచ్చినవాళ్లు ఎక్స్‌రే ఫిల్ము లైటు మీద పెట్టకముందే అడుగుతారు: "ఎంతవుతుంది సార్?" తప్పు పట్టను. ప్లేటు, స్క్రూలు, మత్తు, మందులు కలిపితే చాలా ఇళ్లలో నెల సంపాదన చాలదు. అయితే అప్పుడు నాకు ముందు తెలియాల్సింది వాళ్ల జేబులో ఎంతుందని కాదు, ఏ ఎముక విరిగిందని. "ఆపరేషనైనా చేయించండి, లేదా ఇంజెక్షనిచ్చి నిద్రపుచ్చేద్దాం" అని రెండే దారులు చూపించి పంపేవాళ్లంటే నాకు కోపం.

మోచేతికి, మోకాలికి కింద విరిగితే చాలాసార్లు కట్టుతోనే నెట్టుకురావచ్చు. విరిగినచోటుకి పైకీలు, కిందికీలు రెండూ కదలకుండా పట్టగలగాలి, అంతే. ఓ ఆటో డ్రైవరు చిన్న నాటు కుక్కపిల్లను తువ్వాల్లో చుట్టుకొచ్చాడు. వెనకకాలు, మోకాలికి కింద విరిగింది. చర్మం చీరుకుపోలేదు, ముక్కలు పెద్దగా జరగలేదు. ముందు దూదితో మందంగా కట్టి, వాపు తీశాక సిమెంటు కట్టు వేశాను. ఆ వయసులో నెల తిరిగేసరికి ఎముక పట్టుకుంటుంది, పెద్ద కుక్కకైతే రెండు మూడు నెలలు. మధ్య వేళ్లు రెండూ కట్టు బయటికి కనబడేలా వదిలి, రోజూ తాకి చూడమన్నాను. ఉబ్బినా, చల్లబడినా, లోపలి నుంచి వాసనొచ్చినా వెంటనే రావాలి. వానాకాలం కాబట్టి ఖాళీ సెలైన్ సంచి కోసి ఇచ్చాను, బయటికి తిప్పేటప్పుడు మాత్రం తొడగమని.

నా కన్నా ముందు నాటు కట్టు వేసేవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చేవాళ్లూ ఉంటారు. పుత్తూరు కట్టుకి అంత పేరున్న నేల మనది. వెదురు బద్దను నేనేమీ చిన్నచూపు చూడను, పీవీసీ పైపును నిలువునా చీల్చి బద్దలుగా వాడినవాణ్ని. నా భయమల్లా బిగువు గురించే. తిమ్మిరెక్కుతోందని కుక్క చెప్పలేదు. పాదం నల్లబడ్డాక విప్పితే, విరుపు అతికినా కాలు దక్కదు.

ఇంట్లో వాళ్లు వాడుకునే నొప్పి బిళ్లలు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి, వేసి తెస్తే మాత్రం తిడతాను. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కుక్కలకు పనికొచ్చే నొప్పిమందు వేరే ఉంది, ఖరీదూ ఎక్కువ కాదు.

డబ్బున్నా ఆపరేషన్ పనికిరాని విరుపు ఒకటుంది. మేలుజాతి పిల్ల, మూడు నెలలది. "ఎక్కడా పడలేదు సార్, ఊరికే గెంతింది." ఏం పెడుతున్నారని అడిగితే అన్నంలో బోన్‌లెస్ చికెన్, ప్రేమగా. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆ లోటు తీర్చడానికి శరీరం సొంత ఎముకల్లోంచే కాల్షియం లాగేస్తుంది. ఎక్స్‌రేలో ఎముక గోడలు పలచబడి, విరిగినచోట మడత పడినట్టు కనిపించింది. అలాంటి ఎముకలో స్క్రూ నిలవదు. తిండి మార్చి, కొలత ప్రకారం కాల్షియం ఇచ్చి, కదలనివ్వకుండా ఉంచడమే వైద్యం. కారులో వచ్చినవాళ్లకీ, బస్సులో వచ్చినవాళ్లకీ అదే చీటీ రాస్తాను.

కదలనివ్వకపోవడం పైసా ఖర్చులేని వైద్యమే గానీ, ఒక గది ఇంట్లో అంత కష్టమైనది ఇంకోటి లేదు. బండి గుద్ది నడుం కింది ఎముకలు విరిగిన వీధికుక్కని టీకొట్టతను తెచ్చాడు. తొడ ఎముక కూర్చునే గిన్నె బాగానే ఉంది, మూత్రం పోస్తోంది. ఇలాంటివి చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో అతుక్కుంటాయి. కొట్టు వెనక నులకమంచం పక్కకి నిలబెట్టి, మూలని గదిలా చేశాడు. కింద గోనెసంచులు, రోజుకి కొన్నిసార్లు పక్క మార్చడం. నెల దాటాక వచ్చి "మంచం నులక కొరికేసింది సార్" అన్నాడు. కోలుకుంటోందని అర్థమైంది.

తొడ ఎముక దగ్గరే చిక్కు. అక్కడ కట్టు నిలవదు. కిందికి జారి, విరుపు దగ్గర బరువై వేలాడి, ముక్కల్ని ఇంకా కదిలిస్తుంది. వేయకపోవడమే మేలు. ప్లేటు కన్నా లోపల రాడ్ వేయడం చౌక. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు రాసి పంపుతుంటాను. అదీ కుదరనప్పుడు, ఎముక నుజ్జయినప్పుడు, కాలు తీసేయమంటాను. ఈ మాట నోట రాగానే మనుషులు లేచి నిలబడతారు.

లారీ కింద పడ్డ కుక్కని తెచ్చిన ఒక ముసలమ్మ కూడా లేచింది. "మూడుకాళ్ల కుక్కని ఏం చేసుకునేది బాబూ?" అంది. అంతకుముందు కాలు తీసిన కుక్కని దాని యజమాని ఆ రోజు టీకాకి తెచ్చాడు. మెట్లెక్కి చూపించమన్నాను. ఎక్కింది, దిగింది, గేటు దగ్గర పిల్లిని తరిమింది. ఆమె చాలాసేపు చూసి, "మాది మగది కదా, ఉచ్చ పోసేటప్పుడు ఏ కాలెత్తుతుంది?" అని అడిగింది. అది వాటంతట అవే నేర్చుకుంటాయమ్మా అన్నాను. డబ్బు రెండు విడతలుగా ఇస్తానంది. సరే, ఎల్లుండి పొద్దున పరగడుపున తీసుకురమ్మన్నాను.