భువనగిరి బండ మీద త్రాటి ఎన్నిక

హైదరాబాదునుండి వరంగల్లు పోవు దారిలో సుమారు 50 కిలోమీటర్లు గడచిన పిదప ఇండ్లకును చెట్లకును పైగా ఒక మహాశిల తలయెత్తి కనబడును. అదియే భువనగిరి బండ. పలు ఱాళ్లు పేరుకొని యేర్పడిన కొండ కాదది, ఒకే ఱాయి. సుమారు 500 అడుగుల యెత్తున నున్నగా, ఉబ్బెత్తుగా లేచి, ఒక వైపునుండి తాబేటి వీపువలెను, మఱియొక వైపునుండి పండుకొన్న యేనుగువలెను తోచును. కల్యాణి చాళుక్యులలో ఆఱవ విక్రమాదిత్యుడు 1076 మొదలు 1126 వఱకు రాజ్యమేలెను. అతనికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆ బిరుదమునుబట్టియే ఈ కొండ త్రిభువనగిరియై, క్రమముగా భువనగిరియైనదని చెప్పుదురు. బిల్హణ మహాకవి కాశ్మీరమునుండి వచ్చి విక్రమాంకదేవచరితమను కావ్యము రచించినది ఈ రాజు కొలువుననే.

కోటకు మెట్లున్నవి. కొంతదూరము మెట్లు, కొంతదూరము బండలో తొలిచిన అడుగులు. నడుమ నడుమ ద్వారములు, బురుజులు, వాననీరు నిలుచు గుంటలు, శిఖరమున పాడుపడిన రాజగృహము. పైన నిలిచి చూచిన నలుదెసల పైరులును, తాటితోపులును, రైలుదారియును చిత్తరువు వ్రాసినట్లుండును. శత్రువు ప్రాకలేడను నమ్మకముతోనే పూర్వపు రాజులు ఈ నున్ననిబండను కోరుకొనిరి. ఏ నునుపు నాడు శత్రువులను వెనుకకు మరలించెనో ఆ నునుపునే వెదకుకొనుచు నేడు బాలబాలికలు వచ్చుచున్నారు.

ఏలయన, ఈ బండ మీద శిలారోహణము నేర్పు పాఠశాల యొకటి యున్నది. నాటి నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లా బాలుడు ఆనందకుమారును ఇచ్చటనే శిక్షణ పొందిరి. సాంఘికసంక్షేమ గురుకుల పాఠశాలలలో చదువుకొనిన ఆ బీదపిల్లలిరువురును 2014 మే 25వ తేదిన ఎవరెస్టు శిఖరము నెక్కిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆ వార్త విన్ననాటినుండి మన పల్లెలలోని ఆడుపిల్లలకు కొండ యనిన భయము పోయి ముచ్చట పుట్టినది.

మొన్నటి శీతకాలమున మావారు పనిచేయు పాఠశాలనుండి ఇరువదిమంది బాలికలు భువనగిరికి బయలుదేరగా, తోడుగా నేనును, ఇద్దరు తల్లులును పోయితిమి. చూచి వచ్చుట మాత్రమే కాక మాకు మఱియొక పనియు నుండెను. మా యూరి వెనుక చిన్న గుట్ట యున్నది. నెలకొకసారి శిక్షకుని పిలిపించి అచ్చటనే పిల్లలకు సాధన చేయింపవలెనని ఉపాధ్యాయుల యభిప్రాయము. దానికి త్రాడు కావలెను. ఊరి పెద్దమనిషి యొకరు బజారులో దొరకు ప్లాస్టిక్ మోకు రెండు చుట్టలు ఉచితముగా నిచ్చెదనని ఉదారముగా పలికిరి. లారీలపై బస్తాలు బిగించు మోకు పిల్లను మోయదా యని వారి వాదము. ఉచితముగా వచ్చుదానిని కాదని వేలు ఖర్చుపెట్టుట యెట్లని కొందఱు సందేహించిరి. ఆ సందేహము తీర్చుకొనుటకే భువనగిరి శిక్షకుని ప్రశ్నించితిమి.

ఆయన చూపిన త్రాడు బొటనవ్రేలికన్న సన్నము. మాతో వచ్చిన తల్లి యొకతె దానిని చేతబట్టి, “అయ్యా, మా బావి చేంతాడైనను ఇంతకన్న లావుగా నుండును. ఇది మా పిల్లను మోయునా?” యని యడిగెను. ఆయన నవ్వి, “అమ్మా, మోయుట ఒక్కటే కాదు, ఎట్లు మోయుచున్నదో చూడవలెను” అని యిట్లు వివరించెను.

కొండలకు వాడు త్రాళ్లు రెండు జాతులు. మొదటిది సాగుడు త్రాడు. పైకి ప్రాకువాడు కాలుజాఱి పడినప్పుడు అది సాగి, పడిన వేగమును మెల్లగా మ్రింగి, నడుము విఱుగకుండ కాపాడును. రెండవది సాగని త్రాడు. దీనిని స్టాటిక్ త్రాడందురు. దిగుటకు ఇదియే తగినది. నలువది మీటర్ల సాగుడు త్రాటిపై మనిషి వ్రేలాడిన నూటికి 8 వంతుల చొప్పున మూడు మీటర్లకు పైగా సాగవచ్చును. దిగువాడు అడుగుపెట్టినప్పుడెల్ల అది ఉయ్యాలవలె మీదికి క్రిందికి ఊగుచు, బండ అంచుపై ఱంపమువలె ఒరయుచుండును. స్టాటిక్ త్రాడైనచో నూటికి 3 వంతులే సాగినను మీటరునకు కొంచెము మించును, అంతే. కాని ఇదే త్రాటితో పైకి ప్రాకి పడినచో దెబ్బ అంతయు శరీరమునకే తగులును. దిగుటకు మేలైనది ప్రాకుటకు కీడు. ఆ పని కొకటి, ఈ పని కొకటి యుండవలసినదే.

ఈ త్రాటిని అడ్డముగా కోసి చూచిన లోపల నూలుపోగుల కట్టలవంటి గర్భము, పైన అల్లిన తొడుగు కనబడును. 1953లో జర్మనీదేశపు ఎడెల్రిడ్ కంపెనీవారు ఈ విధమైన త్రాటిని మొదట తెచ్చిరి. బరువులో ఎక్కువ భాగము మోయునది గర్భము; ఱాతి గీతలకు ఓర్చునది తొడుగు. మన చేంతాడు పేనిన త్రాడు. దాని ప్రతి పోగును ఎచ్చటనో ఒకచోట పైకి వచ్చి ఒరపిడి తినును. దీనిలో గర్భము దాగియుండును. కావున దిగుటకు కొను త్రాటికి తొడుగు దళసరిగా, బిగువుగా నుండవలెను. తొడుగు లోపలి గర్భముపై జాఱరాదు.

బజారు మోకు సాధారణముగా పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్ తో చేయుదురు. ఎండకు అది త్వరగా పెళుసెక్కును. సుమారు 165 డిగ్రీల వేడికే కరగును. త్రాటిపై దిగునప్పుడు లోహపు బిళ్ల గుండ త్రాడు జాఱుచు ఒరపిడికి వేడెక్కును. తొందరపడి దిగినచో ఆ బిళ్ల చేయి కాల్చును. అట్టి వేడికి బజారు మోకు తగదు. నైలానునకు సుమారు 220 డిగ్రీలు, పాలియెస్టరునకు సుమారు 255 డిగ్రీలు కావలెను. అన్నిటికన్న ముఖ్యమేమనగా బజారు మోకు మనిషి ప్రాణము నిమిత్తము ఎవరును పరీక్షించి ముద్రవేసినది కాదు. స్టాటిక్ త్రాటి కొనలపై ఐరోపా ప్రమాణసంఖ్య 1891 అచ్చువేసి యుండును. అందు ‘ఎ’ తరగతి త్రాడు 2,200 కిలోల బరువునకు సమానమైన లాగుడుకు తెగరాదు. ముడివేసిన పిదపను 1,500 కిలోలకు సమానమైన లాగుడును మూడు నిమిషములు ఓర్వవలెను. ముడివేసిన ప్రతి త్రాడును తన బలములో కొంత కోల్పోవును గనుకనే ఈ రెండవ పరీక్ష.

ఇక లావు. పిల్లలు పలువురు దినమంతయు దిగు చోట 10 మొదలు 11 మిల్లీమీటర్ల త్రాడు మేలు. చేతికి పట్టు దొరకును, దిగుడు నెమ్మదించును, తొడుగు చాలకాలము నిలుచును. బరువు మాత్రము 60 మీటర్లకు నాలుగైదు కిలోలుండును. మోసికొనిపోవుట కష్టమైన చోట 8, 9 మిల్లీమీటర్ల త్రాళ్లు వాడుదురు. అమెరికాలో యూటా రాష్ట్రమునందలి జయాన్ ప్రదేశమున ఇసుకఱాతిని నీరు కోసివేసిన ఇఱుకులోయలున్నవి. వానిలో దిగుచు, ఈదుచు, నడచుచు పోవుట అచ్చట ఒక క్రీడ. మనకు దగ్గఱలో మహారాష్ట్రపు సహ్యాద్రిలో వానకాలమున జలపాతముల వెంట త్రాటిపై దిగుచుందురు. నైలాను నీరు పీల్చి బరువెక్కి, తడిసినంతకాలము కొంత బలమును గూడ కోల్పోవును. పాలియెస్టరు నీటిని మిక్కిలి తక్కువగా పీల్చును. కావున నీటిలో దిగువారు తొడుగైనను పాలియెస్టరుతో నున్న త్రాటిని కోరుదురు. సన్నని త్రాళ్లు నేర్చినవారికే గాని క్రొత్తవారికి తగవు.

పొడవు సంగతి మఱియు ముఖ్యము. భాగవతమున యశోదాదేవి ఎన్ని త్రాళ్లు ముడివేసినను చిన్నికృష్ణుని నడుమునకు రెండంగుళములు తక్కువయ్యెను. అది దేవుని లీల. బండ మీద త్రాడు తక్కువైనచో అది మరణమే. త్రాటిని పైకొక్కికి నడుమ తగిలించి రెండు పేటలుగా వేయుదురేని, దిగవలసిన యెత్తునకు రెండింతలకన్న పొడవుండవలెను. త్రాటి కొనను ముడివేయుట మఱవరాదు. పొరపాటున చివఱివఱకు వచ్చినను ఆ ముడి బిళ్లకు తగిలి ఆపును. బండ అంచున త్రాటి క్రింద దళసరి కేన్వాసు గుడ్డ పఱచుదురు. నేర్చుకొను పిల్లలకు నడుమున రెండవ త్రాటిని కట్టి పైనుండి వేఱొకరు పట్టుకొందురు.

సోదరీమణులారా! కొనుటతో పని తీఱదు. తక్కినది మన కింటిలో తెలిసిన విద్యయే. పట్టుచీరెను కాపాడినట్లే త్రాటిని కాపాడవలెను. గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో ఉదికి, నీడలో ఆఱవేయవలెను. ఎండ పనికిరాదు. త్రాటిని నేలమీద పడవేసి త్రొక్కరాదు. త్రొక్కినచో ఇసుకరేణువులు తొడుగులోనికి దూఱి లోపలి పోగులను కోయును. బ్యాటరీ ఆమ్లపు ఆవిరియైనను నైలానును కంటికి కనబడకుండ తినివేయును. కావున వాహనపు సామాను గదిలో ఉంచరాదు. ప్రతిసారి వాడుటకు ముందును తర్వాతను బియ్యములో ఱాళ్లు ఏఱునప్పటి శ్రద్ధతో మొదలునుండి కొసవఱకు వ్రేళ్లతో తడవి చూడవలెను. ఎచ్చటనైన మెత్తపడినను, చదునైనను, గట్టిపడి మెఱసినను, తొడుగు చిరిగి తెల్లని గర్భము కనబడినను ఆ త్రాటికి విశ్రాంతి ఈయవలసినదే. కొన్న తేది, వాడిన దినములు ఒక పుస్తకమున వ్రాయవలెను. ఒక్కసారియు వాడకున్నను పదేండ్లు దాటిన త్రాటిని తీసివేయవలెనని చేయువారే చెప్పుదురు.

భువనగిరి చుట్టుపట్ల తాటిచెట్లు మెండు. గీతవృత్తివారు నడుమునకు మోకు చుట్టుకొని చెట్టెక్కుట అచ్చట నిత్యము చూచెదము. ఆ యెత్తునుండి పడి ప్రాణములు పోగొట్టుకొనినవారును, నడుములు విఱిగి మంచము పట్టినవారును పలువురు. ఆ దుఃఖము చూచియే తెలంగాణ ప్రభుత్వమువారు 2024లో కాటమయ్య రక్ష యను పేర వారికి రక్షణ పరికరముల నిచ్చుట మొదలిడిరి. మాతో వచ్చిన తల్లులలో ఒకతె అట్టి కుటుంబముననుండి వచ్చినదే. ఆమె తండ్రి మోకు తెగి పడినవాడు. శిక్షకుని మాటలన్నియు విని ఆమె, “ఉచితపు త్రాడైతే నా బిడ్డను పంపను. ఈ త్రాడైతే పంపెదను” అని తేల్చి చెప్పెను. తర్కము ఆ మాటతో ముగిసినది.

వేదాంతులు త్రాటిని చూచి పామని భ్రమించినవాని కథ చెప్పుదురు. వాడు వ్యర్థముగా భయపడునే కాని వానికి హాని లేదు. త్రాడు కానిదానిని త్రాడని నమ్మినవానికి వ్యర్థమైన ధైర్యము కలుగును. ఆ ధైర్యమే ప్రాణాంతకము. ఊరికి వచ్చి ఉపాధ్యాయులు చందాలు పోగుచేసి, ప్రమాణముద్ర గల 11 మిల్లీమీటర్ల స్టాటిక్ త్రాళ్లు రెండు తెప్పించిరి. పెద్దమనిషి నొచ్చుకొనక తానును చందా వేసిరి. వారి మోకు పాఠశాల తోటకు కంచె కట్టుటకు వచ్చినది. శిక్షకుడు రాని దినమున త్రాళ్లు పెట్టెలోనుండి కదలవు. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని వద్ద, లెక్కపుస్తకము నా వద్ద నున్నవి.

మీ పిల్లలు కొండకు పోవుదుమనిన వలదనకుడు. పోవుటకు ముందు ఆ త్రాడు ఏ జాతిదో, ఎన్నడు కొన్నదో, దాని పుస్తక మెచ్చట నున్నదో యడుగుడు. నేర్పువాడు నిజముగా నేర్పరియైనచో ఆ ప్రశ్నలకు విసుగుకొనడు. త్రాటిని తెచ్చి మీ చేతిలోనే పెట్టును.