మేళా అంటే కలయిక

'మేళా' అనే మాటకు కలయిక అని అర్థం. మేళనం, సమ్మేళనం, మేళం - ఇవన్నీ ఆ కుటుంబానికి చెందిన పదాలే. సన్నాయి, డోలు ఒకదానినొకటి అనుసరించినప్పుడే అది మేళమనిపించుకొంటుంది. ఉద్యోగ మేళా కూడా అటువంటిదే. పని ఇచ్చే సంస్థ, పని కోరే పట్టభద్రుడు ఒకరినొకరు పరీక్షించుకొనే చోటు అది. అక్కడికి యాచకునిలా వెళ్లేవాడికీ, ఎరుక గలవాడిగా వెళ్లేవాడికీ కలిగే ఫలితంలో ఎంతో భేదముంది.

మా చిల్లకూరు ప్రాంతంలో ఒకనాడు డిగ్రీ పూర్తిచేసినవారు ఉపాధి కల్పన కార్యాలయంలో పేరు నమోదు చేసుకొని, పిలుపు ఉత్తరం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. సిలికా ఇసుక, వరిపొలాలు, రొయ్యల చెరువులు - చుట్టుప్రక్కల కనిపించే ఉపాధి అంతే. 2008లో కృష్ణపట్నం ఓడరేవు ప్రారంభమైంది. అదే ఏడాది తడ సమీపాన శ్రీసిటీ అవతరించింది. కోట, చిల్లకూరు మండలాలలో తలపెట్టిన కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పరిశ్రమ మన పొలిమేరకు వచ్చింది. అయితే అందులో మన పిల్లలు ఏ స్థానంలో ఉంటారన్నది వారి సన్నద్ధతను బట్టి ఉంటుంది.

అధ్యాపకుడిగా విద్యార్థుల వెంట అనేక మేళాలకు వెళ్లాను. గూడూరులో జరిగిన ఒక మేళాలో చూసిన ఇద్దరి తీరు నాకు బాగా జ్ఞాపకం. ఒక యువకుడు మధ్యాహ్నానికే ఇరవై బల్లల వద్ద తన బయోడేటా ఇచ్చి వచ్చాడు. "ఏయే సంస్థలు నాయనా?" అని అడిగితే నాలుగు పేర్లు కూడా చెప్పలేకపోయాడు. తీరప్రాంతపు పల్లె నుండి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం మూడు సంస్థలనే ఎంచుకొంది. ఆమె తన ఇంట్లో తొలి పట్టభద్రురాలు. "దూరం పంపాలంటే భయం సార్" అంటూ తండ్రి కూడా వెంట వచ్చాడు. ఆమె తన చదువును రెండు నిమిషాలలో వివరించి, వినయంగా అడిగింది: "సార్, నన్ను నియమించేది మీ సంస్థేనా, కాంట్రాక్టరా? కోతలు పోను చేతికెంత వస్తుంది? రాత్రి షిఫ్టు ఉంటే బస్సు, వసతి ఎవరు చూస్తారు?" అంతవరకు తలెత్తకుండా కాగితాలు తిరగేస్తున్న అధికారి కుర్చీ చూపి కూర్చోమన్నాడు. తండ్రి ముఖంలోని బెదురు సగం తగ్గింది.

ఆ ప్రశ్నలు చిన్నవి కావు. ప్రకటనలో కనిపించే జీతం వేరు, చేతికందే జీతం వేరు. భవిష్యనిధి కింద ఉద్యోగి వాటాగా మూలవేతనంలో సాధారణంగా 12 శాతం మినహాయిస్తారు. అది పోయిన సొమ్ము కాదు, దాచిన సొమ్ము. అప్రెంటిస్‌గా తీసుకొంటే ఇచ్చేది స్టైపెండ్. శిక్షణ ముగిశాక ఉద్యోగం తప్పక లభిస్తుందని దాని అర్థం కాదు. ఇవన్నీ తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక చిక్కుకోవడం వేరు.

వాల్మీకి రామాయణంలో హనుమంతుడు రామలక్ష్మణులను తొలిసారి కలిసినప్పుడు వారెవరో ముందు విచారించాడు. పిమ్మట తానెవరో, తన రాజు కోరుతున్నదేమిటో స్పష్టంగా చెప్పాడు. ఆ మాటతీరును రాముడు లక్ష్మణునితో ప్రశంసించాడు. రామునికి సుగ్రీవుడు ఎంత అవసరమో, సుగ్రీవునికి రాముడూ అంతే అవసరం. కలయిక అంటే అదీ.

మేళా ఉన్నచోటికి మోసమూ వస్తుంది. ఒకసారి ఎవరో ఏజెంటు డిపాజిట్టు కడితే ఉద్యోగం ఖాయమనగానే, ఒక తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది. నియామక పత్రం చూపమని తోటి విద్యార్థులు నిలదీయగానే ఆ ఏజెంటు మాయమయ్యాడు. జీతమిచ్చి పని చేయించుకోదలచినవాడు మీ దగ్గర ముందుగా సొమ్ము ఎందుకు అడగాలి?

ఇక ఆ అమ్మాయికి ఆనాడు ఉద్యోగం రాలేదు. కంప్యూటరుపై లెక్కల పట్టికలు తయారుచేయడం రాదన్న కారణం చెప్పారు. ఆమె దానిని నోటుపుస్తకంలో వ్రాసుకొని, ఆ విద్య నేర్చుకొంది. తరువాతి మేళాలో ఎంపికైంది. తిరస్కారాన్ని అవమానంగా భావించినవారు ఇంటికి పోతారు. సమాచారంగా స్వీకరించినవారు ముందుకు పోతారు.

ఇంటర్మీడియట్ చదివే మీకు ఇంకా కొన్నేళ్ల వ్యవధి ఉంది. పదవ తరగతి మార్కుల జాబితాలోను, ఆధార్‌లోను మీ పేరు ఒకే తీరుగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. మిమ్మల్ని మీరు రెండు నిమిషాలలో పరిచయం చేసుకోవడం తెలుగులోను, ఇంగ్లీషులోను అభ్యసించండి. దగ్గరలో మేళా జరిగితే ఒకసారి చూడటానికైనా వెళ్లి, ఏ పనికి ఏ అర్హత అడుగుతున్నారో వ్రాసుకోండి. డిగ్రీలో ఏమి నేర్చుకోవాలో ఆ కాగితమే మీకు చెబుతుంది.