పాలకుర్తి: క్రౌంచం నుంచి పాలపిట్ట దాకా

పాలకుర్తికి వచ్చినవాళ్లు కొండ గుహలోని సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుని, పోతన ఊరు బమ్మెర చూసి, వీలైతే వల్మిడి గుట్ట మీది రామాలయానికీ వెళ్తారు. పాల్కురికి సోమనాథుడి ఊరిది. చాకలి ఐలమ్మ తన భూమి కోసం దొరతో తలపడ్డదీ ఇక్కడే. 2016లో జనగామ జిల్లాలో కలిసినా ఇప్పటికీ ఇది ఓరుగల్లు సీమే. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో పిట్టల మాట ఎవరూ ఎత్తకపోవడమే నా బాధ.

వాల్మీకి వల్మిడిలోనే ఉండేవాడని ఇక్కడివాళ్ల నమ్మకం. రామాయణం పుట్టిందే ఒక పక్షి చావుతో. బోయవాడి బాణానికి మగ క్రౌంచం కూలింది, ఆడది ఏడ్చింది, ఋషి నోట శ్లోకం వెలువడింది. ఇంతకూ క్రౌంచం ఏ పిట్ట? పండితులు చాలాకాలం వాదించుకున్నారు. అది సారసమేనని పరిశోధకురాలు జూలియా లెస్లీ 1998లో ఒక వ్యాసంలో తేల్చారు. చనిపోయిన పక్షిది ఎర్రటి తల అని కావ్యమే చెబుతుంది. సారసానికి తల, మెడ పైభాగం ఎరుపే; జంటను వీడి ఉండదు. రంగు, నడవడి, కూత చూసి పోల్చుకోవడమే పక్షి పరిశీలకులు ఇవాళ్టికీ చేసే పని.

సారసం ఇక్కడి చెరువుల్లో కనిపించదు. ఉన్నవాటితోనే కన్ను సాధన చేయాలి. గుడ్డికొంగ గట్టు మీద కూర్చుంటే మట్టి రంగులో కలిసిపోతుంది. లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. కరెంటు తీగ మీద గోధుమరంగు ఛాతీతో ఉన్న పాలపిట్టను ఎవరూ పట్టించుకోరు. ఎగిరితే మాత్రం నీలం తళుక్కుమంటుంది. తెల్లకొంగల్లో చిన్నదానికి ముక్కు, కాళ్లు నలుపు, వేళ్లు పసుపు. ట్రాక్టర్ వెనక నడిచేదానికి ముక్కే పసుపు.

మన పిట్టలకు ఆఫ్రికాలోనూ చుట్టాలున్నాయి. దక్షిణాఫ్రికాలో పశువుల వెంట తిరిగేది ఆ ట్రాక్టర్ కొంగకు దగ్గరి బంధువే. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి నీళ్లలోకి నిలువునా దూకే నలుపు తెలుపు లకుముకి పిట్ట కూడా రెండు చోట్లా ఉంది. బోట్స్వానా వాళ్లు మురిసిపోయే లేతఊదా ఛాతీ పిట్ట మన పాలపిట్టకు దాయాది. అముర్ డేగలైతే ఏటా నాగాలాండ్‌లో ఆగి, దక్కన్ దాటి, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాఫ్రికా చేరతాయి. అక్కడివాళ్లకు 1940లో రాబర్ట్స్ పక్షుల పుస్తకం వస్తే, మనకు 1941లో సలీం అలీది వచ్చింది. అంతకు పదేళ్ల ముందే ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టాడు.

తెలుగులో మన పిట్టలకు పేర్లున్నాయి. మన పిల్లలకే వాటిలో నాలుగైనా రావడం లేదు. బడివాళ్లు ఏడాదికొక పొద్దున పిల్లల్ని చెరువు గట్టు మీదికి తీసుకెళ్తే చాలు.

చివరగా ఒక విన్నపం. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు దాన్ని చూస్తే శుభమంటాం. ఆ నమ్మకమే దాని ప్రాణం మీదికి వస్తోంది. పండగకు ముందు వలేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తున్నారు. పక్షుల్ని ఇలా పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దయచేసి పంజరంలో పాలపిట్టకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పొలం వైపు నడవండి, తీగల మీద వెతకండి.