ప్రివ్యూలో కనబడనివి

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్త అయింది. ఆ అక్షరం ఉన్న మెసేజ్ ఐఫోన్‌కి వస్తే, తెరిచిన యాప్ అక్కడికక్కడే మూతపడిపోయేది. నోటిఫికేషన్‌లో కనబడితే హోమ్‌స్క్రీనే కుప్పకూలేది. ఆ అక్షరం 'జ్ఞా'. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో ఈ తంతు జరిగింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిచేసింది. జ్ఞానాన్ని ఐఫోన్ భరించలేకపోయిందన్న జోకు నాకు నాలుగైదు గ్రూపుల్లోంచి వచ్చింది.

నిజానికి మనం మామూలుగా టైపు చేసే 'జ్ఞానం' ఏ ఫోన్‌నీ ఏమీ చెయ్యలేదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనబడని ఒక కోడ్ వచ్చి, దాని తర్వాత దీర్ఘం వస్తేనే గొడవ. ఆ కనబడని కోడ్‌ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అదేమీ వింత వస్తువు కాదు. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలంటే మధ్యలో అదే ఉండాలి. లేకపోతే ట కింద వ వత్తు వచ్చి చేరుతుంది. మనం రోజూ వాడుకునేదే, వేరే చోట పడేసరికి లక్ష రూపాయల ఫోన్ తెల్లమొహం వేసింది.

టెస్టింగ్ అనేది ఎప్పుడూ ఎవరో ఒకరి ఊహ మేరకే జరుగుతుంది. ఆ ఊహలో తెలుగు ఏ మూల ఉంది, తెలుగు చదివే మనిషి ఏ మూల ఉన్నాడు అన్నది ఈ పని చేస్తున్నన్నాళ్లూ నన్ను తొలిచే ప్రశ్న.

వెబ్‌సైట్ ఫోన్‌లో ఎలా కనబడుతుందో చూడ్డానికి మా వాళ్లు ముందుగా చేసే పని, ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, డెవ్‌టూల్స్‌లో ఫోన్ బొమ్మ నొక్కడం. పేజీ బుద్ధిగా ఒక ఫోన్ సైజు పెట్టెలోకి కుదించుకుంటుంది. వెడల్పు 360 పిక్సెళ్లు అంటే 360. తాను ఫోన్‌నేనని సర్వర్‌కి చెప్పుకుంటుంది కూడా. కానీ లోపల నడిచే ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌దే. వేలితో ఒక గడి ముట్టుకుంటే కింద నుంచి కీబోర్డు లేచి సగం తెర మింగెయ్యడం ఈ పెట్టెలో జరగదు. దీన్ని తయారుచేసినవాళ్లే ఇది ఉజ్జాయింపు మాత్రమే అని స్పష్టంగా రాసుకున్నారు. మనమే దాన్ని తీర్పులా తీసుకుంటాం.

తెలుగు విషయంలో ఇంకో తిరకాసు ఉంది. సైటు తన సొంత ఫాంటు పంపకపోతే, ప్రివ్యూలో కనబడే తెలుగు ల్యాప్‌టాప్ తెలుగు. విండోస్‌లో అది నిర్మలా యూఐ కావచ్చు, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు కావచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా ఉండేది నోటో. మూడింటి ఎత్తులూ వెడల్పులూ వేరు. 'రాష్ట్రం' అన్న మాట కింద రెండు వత్తులు ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు లెక్కేసి కట్టిన బటన్‌లో ఆ రెండో వత్తు కాళ్లు తెగిపోతాయి. ల్యాప్‌టాప్‌లో తెగలేదంటే ఫోన్‌లో తెగలేదని కాదు.

పేరులో మొదటి అక్షరాన్ని రంగు గుండ్రంలో చూపించే అలవాటు చాలా యాప్‌లకి ఉంది. 'శ్రీలక్ష్మి' అని తెలుగులో పేరిస్తే గుండ్రంలో 'శ' ఒక్కటే మిగులుతుంది. కంప్యూటర్‌కి 'శ్రీ' నాలుగు కోడ్‌లు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. మొదటిది తీసుకోమంటే అది నిజాయితీగా శ తీసుకుంటుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ ఉంది. కానీ ఇలాంటి సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరగ్గొట్టకూడదన్న నియమం అందులోకి వచ్చింది 2023 సెప్టెంబర్‌లో, 15.1 వెర్షన్‌తో. ఒకటో తరగతి పిల్లాడు కూడా ఒకే అక్షరంగా పలికేదాన్ని ఒప్పించడానికి ముప్ఫై ఏళ్లు దాటింది.

కవిత్వం చదివేవాళ్లకి ఈ బాధ ఇంకోలా తెలుస్తుంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. 360 పిక్సెళ్ల తెర మీద మామూలు సైజులోనే అది అంచుకి తగులుతుంది, సైజు కాస్త పెంచితే విరిగి కింద పడుతుంది. నాలుగు పాదాల పద్యం ఎనిమిది ముక్కలవుతుంది. ప్రతి పాదంలో రెండో అక్షరంగా నిలువునా కనబడాల్సిన ప్రాస చెదిరిపోతుంది. పద్యం తెలిసినవాళ్లు దాన్ని మళ్లీ నోట్లో అతికించుకుంటారు. వచన కవితకి ఆ వీలు కూడా లేదు. అక్కడ లైను ఎక్కడ ఆపాలన్నది కవి తీసుకునే పెద్ద నిర్ణయాల్లో ఒకటి. ఫోన్ తన సౌకర్యం కోసం ఇంకోచోట విరిస్తే, ఆ విరుపు ఎవరిదో పాఠకుడికి తెలిసే దారి లేదు. కవి తొందరపడ్డాడనుకుంటాడు, లేదా తనకి కవిత్వం అర్థం కాదనుకుంటాడు. విరిగిన ముక్కని కాస్త లోపలికి జరిపి చూపిస్తే ఈ అనుమానం తీరిపోతుంది. సీఎస్ఎస్‌లో రెండు లైన్ల పని.

'నాకు అర్థం కాలేదేమో' అనుకోవడం దగ్గర ఆగుతాను. ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

అచ్యుతాపురం జంక్షన్‌లో షిఫ్టు మారే వేళ నిలబడితే ఫోన్లు ఎలా వాడతారో ఏ ల్యాబూ చూపించనంత బాగా కనబడుతుంది. అనకాపల్లి నుంచి పూడిమడక వెళ్లే రోడ్డు, సెజ్‌కి పోయే దారులు, వరసగా కంపెనీ బస్సులు. బ్రాండిక్స్ అప్పారెల్ సిటీ ఇక్కడే వెయ్యి ఎకరాల్లో ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బట్టలు కుట్టే పనికొచ్చే వేలమందిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇంకోవైపు ఫార్మా యూనిట్లు. సాల్వెంట్లుండే చోట మామూలు ఫోన్ లోపలికి పట్టుకెళ్లకూడదు. అందుకని ఫోన్ చూసుకునే టైము ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు. ఒక చేత్తో క్యారేజీ సంచీ, ఇంకో చేతి బొటనవేలితో ఫోన్. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో లేత బూడిదరంగు అక్షరాలు కనబడవు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని చదవాలి.

మా పిన్ని ఆ బస్సుల్లోనే కుట్టుపనికి వెళ్తుంది. తన ఫోన్ నాకు తెలిసిన అతి కఠినమైన టెస్టింగ్ పరికరం. అక్షరాల సైజు చివరిదాకా పెంచి ఉంటుంది. టెంపర్డ్ గ్లాస్ మీద మూల నుంచి మూలకి పగులు. గుడ్‌మార్నింగ్ దేవుళ్లతో స్టోరేజీ నిండిపోయి ఉంటుంది. రోజుకిచ్చే డేటా సాయంత్రానికి అయిపోతుంది. అప్పుడు నెట్ ఆగిపోదు, 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. డెవ్‌టూల్స్‌లో నెమ్మదైన నెట్‌ని నటించడానికి ఇన్నేళ్లూ వాడిన 'స్లో 3జీ' సెట్టింగ్ సుమారు 400. అంటే మేం ఇంతకంటే నెమ్మది ఉండదనుకున్న నెట్ కన్నా పిన్ని నెట్ ఆరు రెట్లు నెమ్మది. ఒక మెగాబైట్ ఫొటో రావడానికి రెండు నిమిషాల పైమాట. ఈలోగా బస్సొచ్చేస్తుంది.

ఒకసారి ఏదో సర్వీసు యాప్‌లో తన వివరాలు నింపుతుంటే పక్కన కూచుని చూశాను. పేరెందుకులెండి. పేరు గడి ముట్టుకోగానే కీబోర్డు లేచింది. పెద్ద అక్షరాల వల్ల మిగిలిన సగం తెరలో ఒకటిన్నర గడే పట్టింది. 'సమర్పించండి' అన్న బటన్ కీబోర్డు వెనక ఉండిపోయింది. కిందికి జరిపితే వస్తుంది, కానీ అక్కడ ఇంకా ఏదో ఉందని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. పిన్ని నింపేసి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని, అది ఆలోచించుకుంటోందేమో అన్నట్టు కాసేపు చూసింది. తర్వాత నాతో అంది: "ఏటోరా, నాకు రావివన్నీ. నేనే సరిగ్గా నొక్కలేదేమో."

నిమిషానికి ఇన్ని కుట్లని లెక్కపెట్టి, మిషన్ శబ్దం మారితే సూది ఎక్కడ తేడా చేస్తోందో చెప్పగల మనిషి తను. మిషన్ మొరాయిస్తే మెకానిక్‌ని పిలుస్తుంది, తనని తాను తిట్టుకోదు. ఫోన్ దగ్గరికొచ్చేసరికి తప్పు తన వేలిదైపోయింది. యాప్ కట్టినవాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ చేరదు. క్రాష్ అయితే రిపోర్టు వెళ్తుంది. 'నాకు రావివన్నీ' అని పక్కన పెట్టేస్తే ఏ రిపోర్టూ వెళ్లదు. అంకెల్లో అది 'మధ్యలో మానేసిన యూజర్' అని మాత్రం కనబడుతుంది.

కవిత చదవడం మానేస్తే పోయేది కవిత. ఇంకోచోట పోయేది కూలి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. మేట్ తన ఫోన్‌తో పనిచోట రోజుకి రెండుసార్లు కూలీల ఫొటో తీసి, అది ఎక్కడ తీశారో చూపించే వివరంతో సహా ఎక్కించాలి. చెరువు గట్టు మీద సిగ్నల్ దొరక్కపోతే, ఫొటో ఎక్కకపోతే, మట్టి తవ్విన చెయ్యి తవ్వలేదని రికార్డవుతుంది. అదే ఏడాది ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూలీలు చేసిన ధర్నాలో ఈ యాప్ తీసెయ్యాలన్నది ఒక ప్రధాన డిమాండు. టెస్టింగ్ గురించి అంత స్పష్టమైన బగ్ రిపోర్టు నేనెక్కడా చదవలేదు. 2025 జనవరి 30న మన ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. దాని మంచిచెడ్డలెలా ఉన్నా, జనం చేతుల్లో ఇప్పటికే ఉన్నదేమిటి, వాళ్లకి ఇప్పటికే అలవాటైనదేమిటి అన్న ప్రశ్న అందులో కనబడుతుంది. ఆ ప్రశ్నతో మొదలుపెట్టడం సరైన పద్ధతి.

నిజమైన ఫోన్ల మీదే టెస్టు చేసే సదుపాయం ఇప్పుడు అద్దెకి దొరుకుతుంది. 2011లో ముంబైలో మొదలైన బ్రౌజర్‌స్టాక్ అలాంటిదే. ఎక్కడో డేటాసెంటర్‌లో ఉన్న అసలు ఫోన్‌ని మనం ఇక్కణ్నుంచి నడపొచ్చు. చాలా పనికొస్తుంది, నేనూ వాడతాను. కీబోర్డు లేస్తుంది, నోటో ఫాంటు కనబడుతుంది, వత్తు తెగితే తెగినట్టు తెలుస్తుంది. కానీ ఆ ఫోన్లకి ఎండ తగలదు. స్టోరేజీ నిండదు. వాటికి ఎక్కాల్సిన బస్సు లేదు.

మా టీములో టెస్టు చెయ్యాల్సిన ఫోన్ల పట్టికలో మోడల్, వెర్షన్, తెర వెడల్పు అని మూడు గడులుండేవి. నాలుగోది ఒకటి కలపమని అడిగాను: 'ఎవరి చేతిలో, ఎక్కడ.' మొదట నవ్వారు. ఇప్పుడు ఆ గడిలో 'ఎండలో, ఒంటి చేత్తో', 'పెద్ద అక్షరాలు, డేటా అయిపోయాక' లాంటివి నిండుతున్నాయి. టెస్టు కోసం పెట్టుకునే నకిలీ పేర్లలో శ్రీలక్ష్మి, జ్ఞానేశ్వరి, రాజ్యలక్ష్మి ఉన్నారు. అప్పుడప్పుడు ఒక్కో స్క్రీను పిన్ని ఫోన్‌లోనూ చూస్తాను. ఫోన్ తన చేతికిచ్చి నోరు మూసుకుని కూచోవడం కష్టం. ఎక్కడ నొక్కాలో చెప్పాలని నాలుక పీకుతుంది. చెప్పేస్తే ఇక టెస్టు లేదు.

మొన్నామధ్య ఒక స్క్రీను దగ్గర పిన్ని ఆగింది. అటూ ఇటూ జరిపింది. ఎప్పటిలా తన వేలిని తిడుతుందేమోనని చూస్తున్నాను. ఫోన్ నాకు తిరిగిచ్చేసి, "ఇది బాగోలేదురా, సరిగ్గా కట్టలేదు" అంది. నా నోట్సులో రాసుకున్నాను, తను అన్న మాటల్లోనే.