రెండు జతల గ్లౌజులు

ఓస్, మాత్ర తీయడం కూడా ఒక పనేనా అంటారా? అయితే ఇలా వచ్చి కూర్చోండి. రెండు చేతులకూ రెండేసి రబ్బరు గ్లౌజులు. వేళ్ల కణుపులకు టేపు. కళ్లకు వాసెలిన్ పూసిన అద్దాలు. ఇప్పుడు ఈ షీటులోంచి ఒక్క మాత్ర తీయండి, చూద్దాం!

పోయిన నెల డిజైన్ థింకింగ్ వర్క్‌షాపులో మా చేత చేయించిన మొదటి పని ఇదే. భలే ఉందిలెండి! రేకు నొక్కుతున్నామో లేదో వేలికే తెలియదు. నా మాత్ర రెండు ముక్కలై బల్ల కిందికి దొర్లిపోయింది. పక్క కుర్రాడు ఏకంగా పళ్లతో కొరికాడు. ఇలా ముసలివాళ్ల కష్టాన్ని మనమే పడి చూడటాన్ని వాళ్లు ఎంపతీ అన్నారు. పరకాయ ప్రవేశమని మనకంత చక్కటి మాట ఉండగా!

ఈ విద్యలో ప్యాట్రీషియా మూర్‌ను మించినవాళ్లు లేరు. అమెరికా అమ్మాయి, వస్తువుల డిజైనరు. కీళ్లనొప్పులవాళ్లు కూడా తేలిగ్గా తెరిచే ఫ్రిజ్ తలుపు చేద్దామంటే, "అలాంటివాళ్ల కోసం మనం చేయం" అన్నారట పైవాళ్లు. ఊరుకుందా? 1979లో, 26 ఏళ్ల వయసులో, 80 దాటిన ముసలమ్మ వేషం కట్టింది. ముఖాన ముడతలు, మసక అద్దాలు, చెవులకు అడ్డు, కీళ్లు వంగకుండా కట్లు. అలా మూడేళ్లపాటు అమెరికా, కెనడాల్లో వందకు పైగా ఊళ్లు తిరిగింది. మేమేమో పావుగంటకే గ్లౌజులు పీకేశాం!

ఇంతకీ మా ఇంటి సంగతి వినండి. రోజూ రాత్రి "అమ్మాయ్, ఈ మాత్ర కాస్త తీసిపెట్టవూ" అంటారు మా అత్తగారు. వర్క్‌షాపు రోజు ఇంటికి రాగానే మాత్రలన్నీ విప్పి, డబ్బీలో పోసి, సంబరంగా ఆవిడ చేతిలో పెట్టాను. మూత తీసి చూశారు.

"అన్నీ తెల్లవే కదే! బీపీది ఏదో, షుగరుది ఏదో షీటును బట్టేగా పోల్చుకునేది?"

చూశారా? గ్లౌజులు నాకు వేళ్ల కష్టం చెప్పాయి గానీ, ఈ ముక్క చెప్పలేదు. వర్క్‌షాపులో రెండో పూటంతా నేర్పింది ఇదే. అవతలి మనిషిని అడగాలి, అడిగాక నోరు కట్టేసుకుని వినాలి. నాకు అదెంత కష్టమో ఏం చెప్పను!

అయినా పక్కన కూర్చుని అడిగాను. "బీపీ షీటుకు రబ్బరు బ్యాండు వెయ్యి. చీకట్లో తడిమినా తెలుస్తుంది. ఆ చిన్న కత్తెర నా తలగడ పక్కన పెట్టు, రేకు నేనే కోసుకుంటా" అన్నారు. ఆ వెంటనే గ్యాస్ లైటరు మీద పడ్డారు. అది నొక్కలేక వేలు పీకుతోందట. రేపు దాని సంగతి.